పుర్రచేతి కుట్టు

సంచి సర్దడం సగంలో ఆగిపోయింది.

అడుగున రెండు జతల ఊలు మేజోళ్ళు. వాటి మీద వానకోటు. పక్క జేబులో తోలు నూనె డబ్బా, బ్రష్షు, మెత్తటి గుడ్డ, ఒక జత అదనపు లేసులు. తొమ్మిదేళ్ళుగా భర్త ఊరికి బయలుదేరిన ప్రతిసారీ ఆమె ఇదే వరసలో సర్దుతోంది. వరస తప్పితే దారిలో ఇంకేదో తప్పుతుందని ఆమె భయం. ఈ బుధవారం ఉదయం మాత్రం నూనె డబ్బా దాకా వచ్చి చేతులు నిలిచిపోయాయి.

పోయిన వారం మనం ఆమె దగ్గర సెలవు తీసుకున్నప్పుడు ఆమె ఒళ్ళో భర్త ఎడమ బూటు ఉంది. బజారంతా బూట్లక్క అని పిలిచే ఈ మనిషి, తండ్రి పోయాక మోటార్‌సైకిల్ బూట్ల దుకాణాన్ని ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. భర్త ఊళ్ళ మధ్య పార్సిళ్ళు చేరవేసే మనిషి, సగం జీవితం బండి మీదే. మూడేళ్ళ కిందట తండ్రి కొండదారి మలుపులో బండి మీంచి పడి చనిపోయాడు. కుడి బూటు అడుగు ఊడి, బ్రేకు పెడల్ కింద ఇరుక్కుందన్నారు. ఆ అడుగును అంతకు పది రోజుల ముందు కుట్టింది చెల్లెలు. తండ్రి పోయిన నాలుగో రోజు తెల్లారేసరికి చెల్లెలు ఇంట్లో లేదు. అప్పట్నుంచి బతికుందో లేదో కూడా కబురు లేదు.

అలాంటిది, భర్త బూటుకు నూనె పట్టిస్తుంటే లేసుల కింది తోలు నాలుక పక్కన, మడత కింద, నాలుగంగుళాల కొత్త కుట్టు కనబడింది. కుట్లన్నీ ఎడమకు ఒరిగి ఉన్నాయి. అలా ఒరిగేట్టు కుట్టే మనిషి బూట్లక్క ఎరిగినంతలో లోకంలో ఒక్కతే ఉంది. పుర్రచేతి వాటం ఉన్న ఆమె చెల్లెలు.

అతను తల తుడుచుకుంటూ దుకాణంలోకి వచ్చాడు. వెనక ఇల్లు, ముందు దుకాణం, మధ్యలో ఒక్క తలుపు.

"ఇంకా సర్దలేదా? పదింటికల్లా నేను గోడౌన్‌లో ఉండాలి."

"ఈ బూటు ఎక్కడ చిరిగింది?"

"ఏ బూటు?"

"మీకు ఎన్ని జతలున్నాయేంటి, ఏ బూటని అడగడానికి?"

"ఓ, అదా. కంచె తీగ పట్టుకుంది. దార్లో ఎవరో కనిపిస్తే కుట్టించేశాను."

"ఎవరో అంటే?"

"ఎవరో ముసలాయన. బస్టాండు దగ్గర కూచుంటాడు. నీకు పని చెప్పడం ఎందుకులే అని."

"ముసలాయన." ఆమె బూటును కిటికీ వెలుగులోకి తిప్పింది. "బాగా కుట్టాడు. అంగుళానికి ఎనిమిది, ఒక్కటి అటూ ఇటూ లేదు. చివరి ముడి తోలు లోపలికి లాగి దాచాడు. అది మా నాన్న ముడి. మా నాన్న ఈ ముసలాయనకు ఎప్పుడు నేర్పాడో మరి, మాకు చెప్పనే లేదు."

"పొద్దున్నే మొదలెట్టావా? ముడి అంటే ముడే. అందరూ వేస్తారు."

"అందరూ వెయ్యరు. వేసినా ఎడమకు ఒరగదు. నా కుట్టు కుడికి ఒరుగుతుంది, నాన్నదీ కుడికే. ఎడమచేత్తో సూది పట్టేవాళ్ళది ఇటు వస్తుంది. రండి, వేలు పెట్టి చూడండి."

అతను రాలేదు. తువ్వాలు భుజాన వేసుకుని, మళ్ళీ తీసి, మడత పెట్టి, దండెం ఎక్కడుందో మరిచిపోయినవాడిలా చేత్తోనే పట్టుకు నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళు బూట్లు కుట్టే ఇంట్లో తిరిగాడు గానీ కుట్టుకు కూడా చేతివాటం ఉంటుందని అతనికి తెలియదు. మడత కింద ఉంది కదా, కనబడదనుకున్నాడు.

"నా తల మీద చెయ్యి పెట్టి చెప్పమనను," అంది ఆమె. "మామూలుగానే చెప్పండి. అది బతికుందా?"

"బతికే ఉంది."

ఆమెకు ముందు వచ్చింది సంతోషమే. గిరాకీలను కూర్చోబెట్టే పొట్టి స్టూలు మీద కూర్చుంది. నవ్వు కూడా వచ్చింది. బతికే ఉంది. ఎక్కడో ఒక కిటికీ పక్కన ఎడమచేత్తో దారం లాగుతూ, నాలుక పంటి కింద పెట్టుకుని కూర్చునే ఉంటుంది. చిన్నప్పటి అలవాటు. ఎంత తిట్టినా మానలేదు.

"ఎక్కడ?"

"కొండ అవతలి ఊళ్ళో. బస్టాండు రెండో గేటు పక్కన, ఆకుపచ్చ రేకు కింద చిన్న బల్ల వేసుకుంది. బాగానే ఉంది. నువ్వు బెంగపడాల్సిందేం లేదు."

"ఎప్పుడు చూశారు?"

"మొన్న."

"మొన్న కాదు. మొట్టమొదట ఎప్పుడు చూశారని అడుగుతున్నాను."

అతను తువ్వాలును ఇంకో మడత వేశాడు. "రెండున్నరేళ్ళయింది."

సంతోషం అక్కడితో సరి. రెండున్నరేళ్ళంటే ముప్ఫై నెలలు. నెలనెలా మొదటి సోమవారం ఆమె పోలీస్ స్టేషన్‌కు వెళ్ళేది. అతనే బండి మీద తీసుకెళ్ళేవాడు. అక్కడ కూర్చోవడానికి ఒకటే బల్ల, దానికి ఒక కాలు కుదురుగా ఉండదు; ఆమె వైపు ఒరగకుండా అతను తన పాదంతో అదిమి పట్టేవాడు. ఎంత మంచి మనిషి అనుకునేది. ముప్ఫైసార్లు ఆ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు.

"స్టేషన్‌కు కొత్తగా వచ్చిన రైటరు గుర్తులు మళ్ళీ అడిగాడు," అంది ఆమె. "మీరే చెప్పారు. ఎడమ బొటనవేలి మీద గాటు ఉంటుంది, చిన్నప్పుడు తోలుకు బెజ్జాలు వేసే ఆరె గుచ్చుకుంది అని. అప్పటికి ఆ వేలు మీరు చూసి ఎన్నాళ్ళయింది? వారమా?"

"చూడు..."

"కిందటి శీతాకాలంలో కాలవలో ఎవరో ఆడమనిషి తేలిందంటే చూడ్డానికి వెళ్ళాను. వణుకుతుంటే నా భుజం పట్టుకున్నారు. లోపలికి వెళ్ళేముందు ఒక్క మాట. అది కాదులే అని ఒక్క మాట అనుంటే మీ సొమ్మేం పోయేది?"

"తనే చెప్పొద్దంది," అన్నాడతను.

ఆమె నోరు తెరిచేలోపు వీధి తలుపు గంట మోగింది.

వచ్చింది లెక్కల మాస్టారు. వెనక వీధి బడిలో పాఠం చెబుతాడు. యాభై రెండో ఏట మోటార్‌సైకిల్ కొన్నాడని బజారంతా వారం నుంచి నవ్వుకుంటోంది. చంకలో కొత్త హెల్మెట్ పసిబిడ్డలా పెట్టుకుని ఉన్నాడు.

"అమ్మా, బూట్లు కావాలి. బూట్లు లేకుండా బండి ముట్టుకుంటే ఇంటికి రావద్దంది మా ఆవిడ. బండి కొన్నందుకు ఎలాగూ రావద్దనే అంది. కనీసం ఒక నేరమైనా తగ్గించుకుందామని."

మనసు ఎక్కడున్నా చేతులకు పని తెలుసు. ఆమె లేచి, మాస్టారును స్టూలు మీద కూర్చోబెట్టి, పలుచటి మేజోళ్ళు విప్పించి దళసరివి తొడిగించింది. "బండి మీద ఇవే వేసుకుంటారు. వీటితోనే కొలత చూడాలి."

మాస్టారు కళ్ళు మాత్రం అద్దాల బీరువాలోని నల్లటి జత మీద ఉన్నాయి. ఇత్తడి బకిల్స్, అద్దంలాంటి మెరుగు.

"అవి ఎలా ఉంటాయి?"

"నాటకంలో రాజుకు బాగుంటాయి మాస్టారూ. ఆ బకిల్ బండికి తట్టుకుని గీతలు పడుతుంది, లేదా పెడల్‌కు చిక్కుకుంటుంది. కింద అడుగు చూడండి, నున్నగా గచ్చులా ఉంది. వానలో రోడ్డు మీద నూనె మరక తొక్కారంటే మీరొక వైపు, బండి ఒక వైపు."

"మరి తీసి పక్కన పెట్టొచ్చు కదమ్మా, ఎందుకు అమ్మకానికి పెట్టావు?"

"బండి లేనివాళ్ళు కొనుక్కుంటారు."

ఆమె గోధుమరంగు జత తెచ్చింది. చూడ్డానికి మొరటుగా ఉన్నాయి. మాస్టారు మొహం కాస్త ముడుచుకుంది.

"బొటనవేలితో ఇక్కడ నొక్కండి, చీలమండ దగ్గర. లోపలికి పోతోందా?"

"లేదు. రాయిలా ఉంది."

"ఆ మెరిసేవాటిని నొక్కి చూడండి. పోయింది కదా? పడిన రోజు మీ ఎముకా అంతే పోతుంది. పై మెరుగు ఎవరైనా తెస్తారు. లోపల ఏం పెట్టి కుట్టారన్నది కొనేవాళ్ళకు కనబడదు. తొమ్మిదేళ్ళు వాడాక తెలుస్తుంది."

"తొమ్మిదేళ్ళు మన్నుతాయా!" అన్నాడు మాస్టారు ఉత్సాహంగా.

మూల నిలబడి సంచి కట్టుకుంటున్న భర్త తల ఎత్తలేదు.

"లేచి నడవండి. మడమ లోపల లేస్తోందా? కొంచెం లేస్తే పరవాలేదు, తోలు సర్దుకుంటుంది. ముందు మాత్రం వేళ్ళు ఆడాలి. ఇప్పుడు పొద్దుటి కాలు, సాయంత్రానికి ఉబ్బుతుంది. లేసులు ముడి వేశాక కొసలు లోపలికి దోపాలి, వేలాడనివ్వకూడదు. ఎడమ బూటు ముందు ఇంకో తోలు ముక్క కనబడుతోందా? గేరు రాసుకునేది అక్కడే. అరిగిపోతే తెండి, మారుస్తాను."

"మరి సంరక్షణ?"

"దుమ్ము పడితే తడిగుడ్డతో తుడవండి. నెలకోసారి నూనె, రెండు చుక్కలు చాలు. ప్రేమకొద్దీ డబ్బా అంతా పొయ్యకండి, మెత్తబడి గుడ్డ సంచిలా వేలాడతాయి."

"వానలో తడిస్తే?"

"లోపల పాత పేపర్లు ఉండలు చేసి కుక్కండి. పేపర్లు తడిసినప్పుడల్లా మార్చండి. నీడలో, గాలి తగిలేచోట రెండు రోజులు."

"రెండు రోజులా? మర్నాడు బడికి ఎలా? పొయ్యి పక్కన పెట్టేస్తే తెల్లారేసరికి..."

"పెట్టారంటే ఆ బూట్లు తీసి అవతల పారెయ్యాల్సిందే. తడి తోలు వేడికి లోపల్నుంచి ఉడుకుతుంది. పైకి ఏమీ తెలీదు. మామూలుగానే ఉంటుంది. కానీ ఎండిన బెరడులా పెళుసెక్కుతుంది. కుట్టు ఎంత గట్టిదైనా, పట్టుకోవడానికి తోలు ఉండాలి కదా? కాలు విదిలించగానే అడుగు ఊడి చేతికొస్తుంది."

"కాస్త దూరంగా పెడితేనో?"

"ఎంత దూరమో మీకు తెలుస్తుందా, తోలుకు తెలుస్తుందా?" అని నవ్వుతూ ఆమె తల ఎత్తింది.

భర్త సంచి పట్టీ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అతను ఆమెను చూడడంలేదు. మాస్టారును చూడడంలేదు. గోడ మీద, బూటు అచ్చుకు వాడే కొయ్య పాదాలు పేర్చిన అటక పైన, మూడేళ్ళుగా ఎవరూ తియ్యని గోనె మూట వైపు చూస్తున్నాడు. చూసి, చూశానని తెలుసుకుని, గబుక్కున కళ్ళు దించాడు.

మాస్టారు లెక్కల మనిషి. గదిలో ఏదో కుదరడం లేదని పసిగట్టాడు.

"నేను సాయంత్రం వస్తానమ్మా," అన్నాడు మెల్లగా మేజోళ్ళు విప్పుతూ. "కాళ్ళు ఉబ్బాక."

గంట మోగి తలుపు మూసుకుంది. బూట్లక్క స్టూలు లాక్కుని ఎక్కింది.

"అవెందుకు ఇప్పుడు?" అన్నాడతను. "వద్దు. నిన్ను బాధపెట్టుకోవడం తప్ప..."

ఆమె మూట దించింది. తండ్రి బూట్లు కట్టి పోలీసులు ఇచ్చిన మూట. ఆ రోజు వాకిట్లో మూట నోరు తెరవగానే వేలాడుతున్న అడుగు కనబడింది, దాని అంచున ఎడమకు ఒరిగిన కుట్టు కనబడింది. ఇంకేమీ చూడలేదు. చుట్టూ అంతమంది ఉండగా చెల్లెలి మొహాన అనేసింది: నీ కుట్టే నాన్నను తినేసిందే. తరవాత మూట కట్టి అటక మీదకు విసిరేసింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ బూట్లను కూడా తిరగేసి, మరగేసి చూసే మనిషి, కన్నతండ్రి బూట్లను మళ్ళీ ముట్టుకోలేదు.

ఇప్పుడు బల్ల మీద పెట్టి చూసింది. కుడిది.

చూడ్డానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. కుట్టు తెగితే దారం తెగి ఉండాలి. దారం మడమ నుంచి ముందుదాకా ఒక్కచోట కూడా తెగలేదు. దారానికి పూసిన మైనం మెరుపు కూడా పోలేదు. దారం అలాగే ఉండి, దాన్ని పట్టుకోవాల్సిన తోలు బెజ్జం నుంచి బెజ్జానికి చిరుగుకుంటూ పోయింది. అదీ ఒక్క పక్కే. ఆ పక్క తోలు నల్లబడి, ముడుచుకుని, గోటితో గీరితే పొట్టు రాలింది. రెండో పక్క మెత్తగా, నాన్న కాలి ఆకారంలోనే ఉంది.

ఒక పక్క మాత్రమే వేడి తగిలింది.

"నాన్న పోయే ముందురోజు వాన," అంది ఆమె. "నాన్న తడిసి వచ్చాడు. నేను పేపర్లు కుక్కి కిటికీ దగ్గర పెట్టాను. నేనే పెట్టాను. అక్కణ్ణుంచి మైనం కరిగించే పొయ్యి దగ్గరికి ఎలా వెళ్ళాయి?"

అతను కింద కూర్చున్నాడు. నేల మీదే.

"మామయ్య పొద్దున్నే గిరాకీలకు బూట్లు అందించడానికి వెళ్ళాలన్నాడు. తడి బూట్లతో ఎలా వెళ్తాడని..." అతను తువ్వాలు మడత విప్పాడు. "దూరంగానే పెట్టాను. మూరెడు దూరంలో. ఓ గంట ఉంచి తీసేద్దామనుకున్నాను. నిద్రపట్టేసింది. పొద్దున మామయ్యే వాటిని తీసుకుని తొడుక్కున్నాడు. 'ఎంత బాగా ఆరాయిరా అల్లుడూ' అన్నాడు. నవ్వాడు కూడా."

ఇందులో ఇంతవరకూ పాపం లేదు. తడి బూట్లు ఆరబెట్టినవాణ్ణి ఎవరూ ఉరి తియ్యరు. ఆ వాకిట్లో ఒక్క మాట, పెట్టింది నేనే అని ఒక్క మాట చాలేది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, తండ్రి పోయిన పిల్ల, అంతమంది మధ్య తల వంచుకు నిలబడితే ఇతను తలుపు పక్కన నిలబడి చూశాడు.

"చెల్లెలు ఏం చెప్పొద్దంది మీతో? అది అన్నమాట అన్నట్టు చెప్పండి."

"వదిలెయ్."

"చెప్పండి."

"చెప్పొద్దనలేదు." అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "'నాన్న బూట్లు అక్కను ఒక్కసారి తీసి చూడమను బావా. తనే చూడాలి. చూసి రమ్మంటే వస్తా' అంది."

"రెండున్నరేళ్ళ కిందట."

"ఊ."

"మీరేం చెప్పారు దానికి?"

వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు. రెండుసార్లు తన్నినా అందుకోలేదు. మూడోసారి అందుకుంది.

"చూసిందని చెప్పాను," అన్నాడు. "చూసినా రావద్దందని చెప్పాను."

ఇతను మొగుడని ఆమె తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఏకవచనంలో పిలవలేదు. కోపంలోనూ పిలవలేదు. ఇప్పుడు ఆ మాట ఆమె వెతుక్కోకుండానే వచ్చింది.

"నువ్వు దాని బల్ల ముందు కూచుని కాఫీ తాగేవాడివా?"

"బాగుందో లేదో చూద్దామని ఆగేవాణ్ణి. అంతే."

"అది అడిగేదా, అక్క ఎలా ఉందని?"

"ప్రతిసారీ అడిగేది."

"నువ్వు ఇంటికొచ్చి, నేను ఏడుస్తుంటే మంచినీళ్ళు ఇచ్చేవాడివి."

అతను ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. సంచిని బల్ల మీదకు లాగి, మేజోళ్ళు తీసి అతని పక్కన పెట్టింది. వానకోటు తీసింది. తండ్రి బూట్లు రెండూ పేపర్లో చుట్టి, కుడిదాన్ని జాగ్రత్తగా పైన పెట్టి, సంచిలో సర్దింది. తనవి రెండు చీరలు. నూనె డబ్బా తీద్దామనుకుని, ఉంచేసింది. పుర్రచేతి పిల్ల నూనె ఎప్పుడూ ఎక్కువే వాడుతుంది, అయిపోయి ఉంటుంది.

"నేను దింపుతాను," అన్నాడతను లేవబోతూ. "బస్సయితే నాలుగు గంటలు. బండి మీదైతే..."

"నీ వెనక కూచుని ముప్ఫైసార్లు దాన్ని వెతకడానికి వెళ్ళాను. ఇక చాలు."

"మరి ఎప్పుడొస్తావు? అది చెప్పి వెళ్ళు."

ఆమె గుమ్మం దగ్గర ఆగింది. అతని ఎడమ బూటు ఇంకా కిటికీ దగ్గరే ఉంది, సగం నూనె పట్టి, సగం పొడిగా.

"దానికి నూనె సగమే పట్టించాను. మిగతాది నువ్వు పట్టించుకో. ఆ కుట్టు జోలికి మాత్రం పోకు. అది ఊడదు."

తలుపు గంట మోగింది. అతను కిటికీలోంచి చూశాడు. ఆమె వెనక్కి తిరగలేదు. బరువుకు ఒక భుజం వంగి ఉంది. సాయంత్రం మాస్టారు ఉబ్బిన కాళ్ళతో వచ్చేసరికి దుకాణం తలుపు వేసి ఉంది.

ఆమె పదిన్నర బస్సుకు వెళ్ళింది బుధవారం. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆ సంచి తిరిగి వచ్చింది, చెల్లెలి ఎడమ భుజాన. బూట్లక్క రాలేదు. ఆ శనివారం రాలేదు, ఆ తరవాత కూడా ఆ ఇంటికి మరెన్నడూ రాలేదు. ఎందుకన్నది వచ్చే వారం.